పిల్ల పద్యాలు

ఆ రోజు ఉదయం హారతి కళ్లకద్దుకుని, కుక్కరు కింద మంట తగ్గిస్తున్నాను. అచ్చుకివ్వాలని పద్యాల్లో రాసుకున్న నా చిన్ననాటి కథ పట్టుకుని మేనకోడలు హిమజ ఏడుస్తూ వచ్చింది.

పద్యమైతే పిల్లలు తెలుగు వదలరని బడిలో ఎప్పుడూ చెప్పేదాన్ని. నా మాట నిజమైందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

“బేచారా పిల్లా! వానలో తడిసిపోతుంటే ఒక్కరూ రోటీ వేయలేదా అత్తా?”

“వేయడమేటే? ఆ పిల్లని నేనేనే!”

హిమజ కళ్లు తుడుచుకుంది. “నువ్వా! అయితే ఏడవక్కర్లేదు.” కాగితాలు పక్కన పడేసింది.

హిమజ భిలాయిలో పుట్టిన పిల్ల. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల.

సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించారు. కథ కుక్కపిల్లదిగానే అచ్చవుతుంది. ముందుమాటలో నేను దాన్ని పెంచిన అత్తను.