పరదా వెనక ఫ్రెంచి దొర

ఎస్తేరు పళ్ళెం ఎత్తబోయింది. వీరాస్వామి రెండో అంచు పట్టుకుని వదల్లేదు.

“నోటికాడ కూడు లాక్కుంటావేంటమ్మా? ఇంకా ముక్కలున్నాయి కదా.”

హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. వీరాస్వామి కోదాడలో లారీల ఆసామి. హైదరాబాదు పోతూ, సూర్యాపేటలో రోడ్డు పక్కనే ఫ్రెంచి తిండి దొరుకుతుందని విని దిగాడు. కత్తితోనూ ముళ్ళచెంచాతోనూ కాసేపు కుస్తీ పట్టి, విసుగొచ్చి, రెండింటినీ పళ్ళెంలో పక్కపక్కన పడేసి చేత్తో తినబోయాడు. ఈ హోటల్లో అవి అలా పక్కపక్కన పెట్టారంటే భోజనం అయిపోయిందని గుర్తు. ఎస్తేరుకు నేర్పింది అదే. తినేవాళ్ళకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

యజమాని తులసీరాం గల్లాపెట్టె వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఫ్రెంచివాళ్ళ పద్ధతే అంతని, లోపలి దొర పెట్టిన కట్టుబాటని నచ్చజెప్పబోయాడు. అది పుండు మీద కారం చల్లినట్టయింది. తింటున్నవాడి ముందునుంచి విస్తరి లాగడం పగవాడు కూడా చెయ్యని పని.

“అయితే ఆ దొరనే పిలవండి. తినేవాడి కంచం ఏ దేశంలో లాగుతారో నాకూ చెప్పమనండి.”

పక్క బల్లలవాళ్ళూ గొంతు కలిపారు. పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి దొర వచ్చి వండుతున్నాడని వినడమే తప్ప ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఇవాళైనా చూద్దామన్నారు.

ఎస్తేరు కళ్ళు మూలబల్ల వైపు పోయాయి. అక్కడ రాఘవరావు దొర తల ఎత్తకుండా సూపు తాగుతున్నాడు. ఊళ్ళో గొడవలకు జడిసి గడీ విడిచిపెట్టి, పేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. రోజూ మధ్యాహ్నం ఇక్కడికే వస్తాడు.

వంటింటి పరదా వెనక ఉన్నది ఫ్రెంచివాడు కాదు. ఎస్తేరు మొగుడు మత్తయ్య. మోతె దగ్గర మాలవాడలో పుట్టి, ఈ రాఘవరావు దొర గడీలోనే వెట్టి చేసి, చెప్పకుండా పారిపోయి, పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ ఇంట్లో వంట నేర్చినవాడు. ఎస్తేరును కూడా పాండిచ్చేరి మనిషనే తులసీరాం అందరికీ చెప్పాడు. అందుకే ఆమె హాల్లో నోరు విప్పడం తక్కువ.

పోలీసు చర్య జరిగి ఏడాది తిరగలేదు. పేటలో కమ్యూనిస్టు సంఘాలవాళ్ళ కోసం వెతికే మిలిటరీ క్యాంపు ఉంది. ‘వీడు సంఘపోడు’ అని దొర ఒక్క మాట అంటే చాలు, మత్తయ్య మళ్ళీ కంటికి కనబడడు. దొర అనకపోయినా, ఇన్నాళ్ళూ ఎవరి చేతి కూడు తిన్నారో తెలిస్తే ఈ హాల్లోవాళ్ళే అతన్ని బతకనివ్వరు.

ఫ్రెంచి దొరకు జ్వరమన్నాడు తులసీరాం.

“జ్వరం మనిషి ఇంత వంట ఎట్టా చేశాడయ్యా?”

అందరూ నవ్వారు. వీరాస్వామి లేచి ఎంగిలి చేత్తోనే వంటింటి వైపు నడిచాడు. ఎస్తేరు అతనికంటే ముందు వెళ్ళి పరదాకు వీపు ఆనించి నిలబడింది.

“తప్పు నాదే అయ్యా. కడుపుల పెట్టుకోండ్రి. వేరే పళ్ళెం తెస్త.”

“నీ మీద నాకేం కోపం లేదమ్మా. జరుగు.”

పరదా అవతల మత్తయ్య ఊపిరి ఆమె వీపుకు తెలుస్తోంది. పారిపొమ్మని చెప్పడానికి లేదు. పెరటి తలుపు తీస్తే ఎదురుగా క్యాంపే.

“కోదాడాయనా, జర కూసో.”

రాఘవరావు దొర గొంతు పెద్దదేం కాదు. అయినా హాలంతా అటు తిరిగింది. “ఆ దొరను నేను సూసిన. మాట్లాడిన. తెల్లోడు, తెలుగు రాదు, మనుషులల్ల కలువడు. ఆడిమనిషి తప్పయిందన్నది గద, ఇగ ఖతం చెయ్యి.”

దొర చూశానన్నాక ఇంకెవరేం అంటారు? వీరాస్వామి గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఎస్తేరు వేడిగా కొత్త పళ్ళెం తెచ్చిపెట్టింది, కత్తీ చెంచా లేకుండా. అతను సుష్టుగా తిని, మారు వడ్డించుకుని, ఫ్రెంచి దొర మొండివాడైనా చేతిరుచి మంచిదని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

ఎస్తేరు గుండె మాత్రం కుదుటపడలేదు. లేని దొరను చూశానని ఈయన ఎందుకు అన్నట్టు? అందరిముందూ కాపాడి, తర్వాత తీరిగ్గా పట్టివ్వడానికా? ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రాఘవరావు దొర కదల్లేదు. హాలు ఖాళీ అయ్యాక లేచి, చేతులు కడుక్కోవడానికి పెరటి అరుగు మీదికి వచ్చాడు. ఆమె చెయ్యి తగలకుండా చెంబు ఎత్తి నీళ్ళు పోసింది.

“లోపల మత్తయ్యేనా?”

“నీ బాంచెన్ దొరా” అన్న మాట ఎస్తేరు నోట్లోంచి జారిపడింది. హాల్లో జారిన యాసకు తోడు ఈ మాటతో ఆమె పాండిచ్చేరి మనిషి కాదని తేలిపోయింది.

“మొదటినాడే వాని దగ్గు గుర్తువట్టిన. పుండువడ్డ కడుపు నాది. ఇంటి కూడు నిలుస్తలేదు. వాడు చేసే ఈ కారం లేని చారొక్కటే నిలుస్తున్నది.”

దొర చేతులు తుడుచుకున్నాడు. పరదా ఉన్న వైపు నుంచి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“వాణ్ణి మాత్రం నాకు కనవడనియ్యకు. కండ్లతోని సూసిన్నంటే, రేపటి సంది నాకు గీడ తినరాదు.”