తీసేసిన గొంతు

పొద్దున తానే తీసేసిన ఉజ్వల గొంతు కంప్యూటర్ ఆటలో మళ్లీ వినిపించేసరికి జితేందర్ ఆట ఆపి, ఫైళ్ల ఫోల్డర్ తెరిచాడు.

కింద అబిడ్స్ వీధి రాత్రికి సద్దుమణిగింది. తెల్లారితే ఈ పిల్లల ఆట విడుదల. బ్రౌజర్‌లో నడిచేలా కంపైల్ చేసినప్పుడు, అంటే రాసిన కోడ్‌ను ఆటగా కూర్చినప్పుడు, ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లే ఆటలో చేరతాయి. ఆ ఫోల్డర్‌లో ఉజ్వల గొంతున్న ఫైలు ఒక్కటి కూడా లేదు.

"బ్రౌజర్ పాతది పట్టుకొని కూసున్నదేమోరా, అది దాచుకున్న క్యాష్ క్లియర్ చెయ్" అన్నాడు ఫోన్‌లో కంపెనీ యజమాని ప్రహ్లాద్.

అదీ చేసి, మళ్లీ కంపైల్ చేశాడు. ఈసారి ఆ గొంతు, ఎన్నడూ రికార్డు చేయని మాట పలికింది.

"జితేందర్..."

"ఎవర్రా గాడ?" ఫోన్‌లో ఆ పిలుపు విని అడిగాడు ప్రహ్లాద్.

జితేందర్ తల వాలిపోయింది. "ఉజ్వల, అన్నా. ఆట మొత్తం ఆమెనే చేసింది. నేను చేసిన్నని నీకు అబద్ధం చెప్పి, ఆమె నౌకరీ ఊడగొట్టిన."