చివరి దారం

దర్జీ అన్నయ్యకు స్పృహ తప్పి నలభై రోజులైంది. గొంతు కోసి పెట్టిన గొట్టం, పక్కన ఊపిరి పోసే మిషను. చేతులు మాత్రం దుప్పటి మీద కుడుతూనే ఉన్నాయి. లేని సూది, లేని దారం.

"మనసులో పైపొరలన్నీ పోయాయి. అడుగున అలవాటొక్కటే మిగిలింది, మనిషి లేడు," అన్నాడు డాక్టరు. తెల్లారితే మిషను ఆపమని తమ్ముడు సంతకం పెట్టాలి. ఆ కాగితం అతని చొక్కా జేబులోనే ఉంది.

"తల తెగిన కోడి కాసేపు తన్నుకోదూ? ఇదీ అంతేనండీ," అని నర్సు లైటు తగ్గించి వెళ్ళింది.

"ఎవరికి కుడుతున్నావన్నయ్యా, యముడికా?" అన్నాడు తమ్ముడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

రాత్రి రెండింటికి అన్నయ్య చేతులు ఆగాయి. మిషను చప్పుడొక్కటే మిగిలింది. దుప్పటి సర్దుదామని తమ్ముడు వంగాడు.

అన్నయ్య వేళ్ళు అతని కాలరు పట్టుకున్నాయి. భుజం కుట్టు తడిమాయి. జేబు మీద ఆగి, లోపలి కాగితం మడతను మెల్లగా చదును చేశాయి.

తరవాత కుడిచెయ్యి నోటిదాకా లేచింది. పళ్ళు తెరుచుకున్నాయి.

తమ్ముడు గుర్తుపట్టాడు. తొడుక్కున్నవాడు నోరు తెరిచి "సరిపోయింది" అంటే తప్ప అన్నయ్య చివరి దారం కొరకడు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి.

పళ్ళు అలాగే తెరుచుకుని, ఆగి ఉన్నాయి.

తమ్ముడు రెండు చేతులతో తన నోరు గట్టిగా మూసుకున్నాడు.