మీటరులో సున్నా

"ఆ గుడ్డ అవతల పడెయ్! దాని జోలికి రాకు!"

ఎర్మెస్ పెట్టిన కేకకి ఓరియానా చేతిలోని తుడుపుగుడ్డ జారి నేల మీద పడింది.

"దుమ్ము తుడుద్దామనుకున్నాను, అంతే. దానికే ఇంత గోలా?"

"దుమ్ము ఉన్నా ఫర్వాలేదు. గీత పడితే ఎవడు కొంటాడు? బేరానికి ఫుల్వియో గారు వచ్చేస్తున్నారు."

భోజనాల గది మధ్యలో, ఎర్ర తివాచీ మీద, ఎర్మెస్ మోటారుసైకిలు నిలబడి ఉంది. ప్రపంచం మొత్తానికి యాభై బండ్లే చేసి కంపెనీ చేతులు దులుపుకుంది. ఇది ముప్ఫై ఒకటోది. దీని కోసం తాతలనాటి ద్రాక్షతోటను పొరుగింటి ఎలియోకి అమ్మేశాడు. అప్పట్నుంచీ బండి భోజనాల గదిలోనూ, మొగుడూ పెళ్లాలు వంటింటి బల్ల దగ్గరా ఉంటున్నారు. ఈ బండి అమ్ముడైతే డబ్బు తీసుకుని తోట తిరిగి ఇచ్చేస్తానని ఎలియో మాటిచ్చాడు. ఈ కోతల్లోపే తేల్చమన్నాడు కూడా.

"నాలుగేళ్లయింది మహానుభావా," అంది ఓరియానా. "ఒక్కసారి నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్లావా? గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదని, దీనికి వేరే ఏసీ, వేరే ఇన్సూరెన్సు! ఆ డబ్బుకి ఇది తగిందేనా అని అడిగితే మూతి ముడుస్తావు."

"తగిందో లేదో ఇవాళ నీ కళ్లతోనే చూద్దువుగాని. నడిపితే అది బండి. నడపకపోతే బంగారం. అర్థమైందా?"

బయట కారు ఆగింది.

స్విట్జర్లాండులోని లుగానో నుంచి వచ్చిన ఫుల్వియో పొడుగ్గా, నీటుగా, మాటకి మాట కొలిచి ఇచ్చే రకం. కోటు విప్పి కుర్చీకి తగిలించి, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న టార్చిలైటుతో బండి అడుగంతా చూశాడు. ఇంజను మీది నెంబరు, కాగితాల్లో నెంబరు సరిచూసుకున్నాడు. ఎర్మెస్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అల్లుణ్ణి చూసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఇంత సోదా చెయ్యరనిపించింది.

"బాగుంది," అన్నాడు ఫుల్వియో లేస్తూ. "చాలా బాగుంది. మీరు పెట్టిన దానికి రెట్టింపు ఇస్తాను."

ఎర్మెస్ భార్య వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. ఓరియానా మొహం కూడా వెలిగిపోయింది. తోట వచ్చేసినట్టే! కాఫీ తేవడానికి వంటింట్లోకి పరుగెత్తింది.

"ఒక్క విషయం," అన్నాడు ఎర్మెస్, గొంతులో గర్వం దాచుకోకుండా. "నిన్న బ్యాటరీ తగిలించానే కానీ తాళం తిప్పలేదు. తెచ్చిన రోజు నుంచీ తిప్పలేదు. ఆ మొదటిసారి మీ చేతుల మీదుగా జరగాలని ఉంచాను."

ఫుల్వియో నవ్వి తాళం తిప్పాడు. మీటరు వెలిగింది. అన్నీ సున్నాలే.

"చూశారా! ఒక్క కిలోమీటరు కూడా లేదు!"

ఫుల్వియో నవ్వు మాయమైంది. మీటరు వైపు వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తాళం తీసి బల్ల మీద పెట్టేసి, కోటు అందుకున్నాడు.

"ఎవరితో ఆడుకుంటున్నారండీ?"

"అదేమిటండీ? ఏమైంది?"

"పెట్టెలో పెట్టేముందు ఫ్యాక్టరీ మనిషి ప్రతి బండినీ కొండ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెస్తాడు. ఎనిమిదో తొమ్మిదో కిలోమీటర్లు పడందే ఏ బండీ గేటు దాటదు. ఈ యాభైలో రెండు నా దగ్గరే ఉన్నాయి. రెండింటిలోనూ తొమ్మిదే. సున్నా ఉందంటే ఎవరో మీటరు వెనక్కి తిప్పారు."

ఎర్మెస్ ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మేరీ మాత సాక్షి! నేను దీని మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు!"

"ఎక్కని బండికి మీటరు తిప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది? తొమ్మిది నడిచిందో, తొమ్మిది వేలు నడిచిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?"

"టైర్లు చూడండి! కొత్తగా నిగనిగలాడుతున్నాయి!"

"టైర్లు బజార్లో దొరుకుతాయండీ." ఫుల్వియో కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఈ సంగతి ఇలాంటి బండ్లు కొనే మావాళ్లందరికీ చెప్పాలి. తప్పదు. క్షమించండి."

గుమ్మంలో పెద్ద చప్పుడైంది. ఓరియానా చేతిలోని పళ్లెం, కప్పులతో సహా నేల మీద పడి ఉంది. ఫుల్వియో ఆ ముక్కల్ని దాటుకుని వెళ్లిపోయాడు. కారు వెళ్లిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఎర్మెస్ తివాచీ మీద కూలబడ్డాడు. తోట పోయింది, బండి పోయింది, ఇంతకాలం నిలుపుకున్న పరువూ పోయింది. ఇంట్లోకి ఎవరొచ్చారు? ఎప్పుడు తిప్పారు? ఎంత ఆలోచించినా బుర్ర పని చెయ్యలేదు.

"ఎవడు... ఎవడు చేశాడు ఓరియానా ఈ పని? నా నోట్లో మట్టి కొట్టిన ఆ దుర్మార్గుడెవడు?"

ఓరియానా గోడకి చేరగిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న నువ్వు మంగలి దగ్గరికెళ్లినప్పుడు ఊరికే తాళం తిప్పి చూశానయ్యా, మీటరులో తొమ్మిది కనబడింది... పాపం, ఆశ ఆపుకోలేక నాకు తెలీకుండా ఎప్పుడో నడిపావనుకున్నాను... వచ్చే పెద్దమనిషి ముందు నువ్వు తల దించుకోకూడదని, మెకానిక్కుని పిలిచి నేనే సున్నా చేయించాను."