మెడలో చెక్కబిళ్ళ

సలోమే కూతురికి జడ అల్లుతోంది. రాత్రి నిద్ర పట్టలేదు. వేళ్ళు బరువుగా కదులుతున్నాయి.

పొయ్యి పక్కన అత్తగారు మగ్దలేన కాఫీ మర ఒళ్ళో పెట్టుకుని తిప్పుతోంది. మరలో కాఫీ గింజలు తక్కువ, వేయించిన బార్లీ ఎక్కువ. యుద్ధం అయిపోయి ఇన్నేళ్ళయినా ఆ ఇంట్లో కాఫీ రుచి మారలేదు.

“నేను బడికి వెళ్ళను,” అంది ఓదిల్.

పిల్ల మెడలో నూలు తాడుకి అరచేతిలో పట్టేంత చెక్కబిళ్ళ వేలాడుతోంది. నిన్న మధ్యాహ్నం పడింది.

రైన్ నదికి ఫ్రాన్స్ వైపు ఒడ్డున ఉన్న ఆ అల్సాస్ పల్లెలో, ఇళ్ళల్లో అందరూ మాట్లాడేది పల్లె జర్మనే. బడిలో మాత్రం ఫ్రెంచ్ తప్ప వినపడకూడదు. నోరు జారితే మెడలో బిళ్ళ పడుతుంది. ఇంకెవరైనా నోరు జారినప్పుడు పట్టుకుని, వాళ్ళ మెడలో వేసి వదిలించుకోవాలి. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు ఆగి బడి నేలంతా కడగాలి. బిళ్ళతోనే ఇంటికి పోవాలి.

“అంత పాపిష్టి మాట ఏం మాట్లాడావే?” అంది నానమ్మ.

“కిటికీలోంచి చూసి, వాన పడుతోంది అన్నాను. అంతే.”

“అది ఫ్రెంచ్‌లో పడుతోందేమో. నువ్వు చూసుకోలేదు.”

ఓదిల్ నవ్వలేదు. “నేల కడుగుతుంటే చేతులు కొంకర్లు పోయాయి. టీచరు బల్ల దగ్గర కూచుని పలకలు దిద్దుకుంటోంది. నా వంక చూడను కూడా లేదు.”

సలోమే చేతిలోంచి పాయ జారింది. మళ్ళీ మొదట్నుంచి అల్లడం మొదలుపెట్టింది.

“ఎలా చూస్తుంది? చూడ్డానికి ముఖం చెల్లాలిగా,” అంది మగ్దలేన. “ఆవిడగారికి వాళ్ళమ్మ జోల ఏ భాషలో పాడిందో.”

“పొద్దున్నే ఆ మాటలెందుకు అత్తయ్యా?”

“ఎందుకేమిటి? నా చిన్నప్పుడు ఇదే బడిలో ఫ్రెంచ్ మాట వస్తే బెత్తం విరిగేది. అప్పుడు జర్మనీ రాజ్యం. తర్వాత ఫ్రాన్స్ వచ్చింది. నా కొడుకుని, దీని తండ్రిని, జర్మన్ మాట్లాడాడని కొట్టారు. యుద్ధంలో మళ్ళీ జర్మన్లు దిగారు. ఫ్రెంచ్‌లో పలకరించానని నాకు జరిమానా వేశారు. వాడికి వాళ్ళ యూనిఫాం తొడిగి రష్యా మంచులోకి తోలారు. ఇప్పుడు దీని వంతు. నేనీ పొయ్యి దగ్గర్నుంచి కదిలింది లేదు. రాజ్యాలే వచ్చి పోతున్నాయి.”

సలోమే పాయలు బిగించి పట్టుకుంది.

“ఆవిడ చేతిలో మాత్రం ఏముంది?” అంది. “ఇన్‌స్పెక్టర్ చెప్పాపెట్టకుండా వస్తాడు. ఒక్క పిల్ల నోట మన మాట వినపడినా ఉద్యోగం ఊడుతుంది. యుద్ధంలో జర్మన్‌లో పాఠాలు చెప్పినవాళ్ళంటే పై అధికారులకి ముందే అనుమానం.”

“పాపం. ఆవిడ ఇంట్లోనూ పొయ్యి వెలగాలి మరి.” మగ్దలేన మర గట్టిగా తిప్పింది.

“నాకో ఉపాయం తట్టింది,” అంది ఓదిల్, తల తిప్పకుండానే. “బడి గేటు దాటగానే సుజెల్ కాలు తొక్కుతాను. గట్టిగా. నొప్పెడితే అది మన భాషలోనే ఏడుస్తుంది.”

“సుజెల్ నీ పక్కన కూచునే పిల్ల కదే,” అంది నానమ్మ.

“అందుకే. నేను తొక్కుతానని అది అనుకోదు.”

సలోమే వేళ్ళు ఆగిపోయాయి.

“అలా చెయ్యకు తల్లీ,” అంది.

ఓదిల్ గిరుక్కున వెనక్కి తిరిగింది. సగం అల్లిన జడ విడిపోయింది. తల్లి ముఖంలోకి కాసేపు చూసింది.

“నువ్విప్పుడు మాట్లాడింది ఏ భాషమ్మా?”

సలోమే పిల్ల భుజం పట్టుకుని మళ్ళీ వెనక్కి తిప్పబోయింది.

“నానమ్మా, ఇంట్లో మాట్లాడినా పట్టుకోవచ్చా?”

మర ఆగింది. “నన్నడుగుతావేం? ఆ టీచరునే అడుగు.”

ఓదిల్ మెడలోంచి తాడు తీసింది. మునివేళ్ళ మీద లేచి చేతులు చాచింది. సలోమే తప్పుకోలేదు. తల వంచింది. పిల్ల తాడు తగిలించి, తల్లి జుట్టు తాడు కింద చిక్కుకోకుండా మెల్లగా పైకి తీసింది.

ఇక సుజెల్ ఊసు ఎత్తలేదు.

చర్చి గంట మోగింది. సలోమే కోటు తొడుక్కుని, గుండీలు గొంతు దాకా పెట్టుకుంది. కాఫీ ముట్టలేదు.

పిల్లలు వచ్చేలోపు బడి తాళం తీసి, నల్లబల్ల మీద ఫ్రెంచ్‌లో తేదీ వెయ్యాల్సిన ఆ టీచరు, అత్తగారితో గాని కూతురితో గాని ఒక్క మాటైనా అనకుండా గడప దాటింది.