అయిదో మనిషి

"నలుగురే ఉన్నారు. సీసా విప్పను," అంది నర్సు.

అమ్మాయి బల్ల మీంచి లేవలేదు. ఇలా వచ్చి వెనక్కి పోవడం ఇప్పటికి రెండు బుధవారాలైంది. ఇది మూడోది.

తట్టు టీకా సీసాలో అయిదు డోసులుంటాయి. విప్పితే ఆ పూటే అయిపోవాలి, మిగిలితే పారేయాలి. అందుకే అయిదుగురు చేరందే విప్పరు.

ముగ్గురు చంటిపిల్లలు, తల్లుల ఒళ్లో. నాలుగోది ఇరవై మూడేళ్ల ఈ అమ్మాయి.

ఊహ తెలియక ముందు నుంచీ షుగర్. చిన్నప్పుడు టీకా వేయించాల్సిన ప్రతిసారీ ఆసుపత్రి మంచం మీదే ఉండేది. ఇప్పుడు పసిపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. రెండు డోసులూ పడితే తప్ప చేరడానికి వీల్లేదన్నాడు డాక్టరు. పోయినేడు మామూలు జ్వరానికే ఐసీయూ దాకా వెళ్లొచ్చింది మరి!

మూల కుర్చీలో గొడుగు పట్టుకుని కూర్చున్న ముసలాయన ముందుకు వంగాడు.

"ఇంత పెద్దదానివి, నీకెందుకమ్మా ఈ టీకా? ఏం జబ్బు?"

అమ్మాయికి ఒళ్లు మండింది. లోకంలో అందరికీ తన జబ్బే కావాలి!

"మీ పని మీరు చూసుకోండి తాతగారూ."

"అదే చూసుకుంటున్నా," అంటూ ఆయన గొడుగు వేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది.

అరగంటకి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు. వెనకాలే పిల్లాణ్ణి చంకనేసుకుని ఒకావిడ.

"అయిదుగురు. ఇక విప్పమ్మా," అన్నాడు నర్సుతో.

సూది పడింది. ఈయన ఇక్కడి ప్యూనేమో అనుకుంది అమ్మాయి. థాంక్స్ చెప్పాలనిపించింది గానీ, ఇందాక అన్న మాటకి మొహం చెల్లలేదు. వచ్చేసారి చెబుదాంలే అనుకుంది.

నెల తర్వాత రెండో డోసుకి వచ్చింది.

ఈసారీ నలుగురే. మూల కుర్చీ ఖాళీ. గొడుగు మాత్రం కిటికీకి వేలాడుతోంది.

"తాతగారేరి?"

"పోయారమ్మా. పది రోజులైంది. నువ్వు వచ్చే బుధవారం రా."

అమ్మాయి ఆ కుర్చీ వంక చూసింది.

సోమవారం బడిలో చేరాలి. చేరి తీరుతుంది. గొడుగు అందుకుని బయటికి నడిచింది.

మొదటి ఇంటికి తాళం. రెండో ఇంట్లో కుక్క తరిమింది. మూడో గుమ్మంలో ఒకావిడ చంటిదాన్ని ఆడిస్తోంది.

"పాపకి తట్టు టీకా వేయించారా అక్కా?"

"లేదు. వచ్చేవారం చూద్దాంలే. పొయ్యి మీద పాలున్నాయి."

"దింపేయండి. పాపని నేనెత్తుకుంటా, మీరు చెప్పులేసుకోండి."

"బాగుందే నీ దౌర్జన్యం!" అంటూనే ఆవిడ చెప్పులేసుకుంది.

నర్సు అయిదుగురినీ లెక్కపెట్టి సీసా విప్పింది. అమ్మాయి చేతికి సూది వేస్తూ గొడుగు వంక చూసింది.

"అచ్చం ఆయన లాగే చేశావు."

"ఆయన ఇక్కడ ఎన్నేళ్లు పనిచేశారండీ?"

"ఆయనకి ఇక్కడ ఉద్యోగమెక్కడిది?"

నర్సు దూది అదిమిపెట్టి, తల తిప్పుకుంది.

"ముప్పయ్యేళ్ల కిందట ఆయన కూతుర్ని ఎత్తుకొస్తే, నలుగురే ఉన్నారు, వచ్చే బుధవారం రమ్మని నేనే పంపేశానమ్మా... ఆ బుధవారానికి పాప లేదు."