లోపలి పోగులు

"మీ థీసిస్‌లో సగం ఒకే ఒక్క క్రేను తాడు చుట్టూ తిరుగుతోంది. సూటిగానే అడుగుతున్నాను. ఇది పరిశోధనా, పగా?"

ల్యాప్‌టాప్ తెర మీంచి పరీక్షకురాలు అడిగిన ఆ ప్రశ్నకి ఇంజనీరు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. పక్క గళ్లలో మరో ఇద్దరు ప్రొఫెసర్లు, ఇన్నేళ్లుగా ఒక్కసారైనా ఎదురుపడని అతని గైడు, కళ్లప్పగించి చూస్తున్నారు.

"రెండూ మేడమ్," అన్నాడు చివరికి. "మొదలుపెట్టింది పగతోనే. లెక్కల్లో మాత్రం దాన్ని కలపలేదు."

"ఎవరి మీద పగ?"

"మా అన్నయ్యది తప్పని తేల్చిన విచారణ మీద."

అంతలో తలుపు తెరుచుకుంది. ఫ్యాక్టరీలో పాత డ్రాయింగులు పడేసే గది అది. భోజనాల వేళ వాడుకోమని మేనేజరే ఇచ్చాడు. ఇప్పుడాయనే తల లోపలికి పెట్టి, "డాక్టరుగారూ, మీ పేషెంటు మళ్లీ పడకేసింది. కన్వేయరు కదలట్లేదు," అన్నాడు. ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీకి చేరిన నాటి నుంచీ అతనికి ఫ్యాక్టరీలో అదే పేరు. కొందరైతే మోకాలు చూపించి మందు కూడా అడిగేవారు. ఇంజనీరు నవ్వలేదు. కెమెరాకి కనబడకుండా బల్ల కింద రెండు చేతులూ జోడించాడు. మేనేజరు ఆ చేతుల వైపు చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

"చెప్పండి," అంది పరీక్షకురాలు.

"మా అన్నయ్య క్రేను ఆపరేటరు మేడమ్. ఒకరోజు క్రేను ఉక్కు తాడు తెగి బరువు కిందపడింది. కింద ఉన్న మనిషి పోయాడు. ఆపరేటరు లీవరు ఒక్కసారిగా లాగడం వల్లే తెగిందని విచారణలో రాశారు. తాడు పైకి నిగనిగలాడుతోంది కాబట్టి దాన్ని ఎవరూ విప్పి చూడలేదు. నేను విప్పాను. లోపలి పోగులన్నీ ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయి ఉన్నాయి. అలాంటి తాడుని ఎంత మెల్లగా లాగినా ఆగదు."

"ఆ మాట నిరూపించడానికి మీకింత కాలం పట్టింది. రెండుసార్లు గడువు పెంచుకున్నారు."

"ఒకసారి ప్లాంటు షట్‌డౌను మేడమ్. రెండోసారి... మా నాన్న మంచాన పడ్డారు."

ఆమె కాగితాలు తిప్పింది. ఆపైన ప్రశ్నలు వడగళ్లలా కురిశాయి. అతను తడబడ్డాడు, నీళ్లు తాగాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు. అందరూ కాసేపు తెర మీంచి మాయమై తిరిగొచ్చాక ఆమె కళ్లజోడు తీసి, "అభినందనలు, డాక్టర్," అంది. ఆ పిలుపులో మొదటిసారి వెటకారం లేదు.

అతను కన్వేయరు సంగతి చూసి, మిగతా పూట సెలవు పెట్టి ఇంటికి బయల్దేరాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అన్నయ్యతో మొదట ఏమనాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు.

అన్నయ్య వరండాలో ఉన్నాడు. ఉద్యోగం పోయినప్పటి నుంచి అక్కడే కూర్చుని చుట్టుపక్కల వాళ్ల ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. తమ్ముడు చెప్పులైనా విప్పకుండా ఎదురుగా చతికిలబడ్డాడు.

"అన్నయ్యా, ఒప్పుకున్నారు! తప్పు తాడుది. నీది కాదు."

అన్నయ్య చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"సరిగ్గా చెప్పరా. లీవరు ఎవరు లాగినా తెగేదా?"

"ఎవరు లాగినా."

"మెల్లగా లాగినా?"

"అసలు ముట్టుకోకపోయినా, ఇవాళ కాకపోతే రేపు తెగేదే. ఆ మనిషి చావుకీ ఆపరేటరుకీ సంబంధం లేదు."

అన్నయ్య మొహం మెల్లగా ముడుచుకుపోయింది. విప్పిన ఫ్యాను మీదకి వంగి భోరుమన్నాడు. నింద పడ్డ రోజున గానీ, ఉద్యోగం ఊడిన రోజున గానీ కంటతడి పెట్టని మనిషి చిన్నపిల్లాడిలా వెక్కిపడుతుంటే తమ్ముడికీ కళ్లు నిండిపోయాయి.

"ఏడవకు అన్నయ్యా. ఇంక తలెత్తుకు తిరుగు. నాన్నే ఉండుంటే ఎంత బాగుండేది! అదే క్రేను మీద నీకు పని నేర్పి, నీతోపాటే పనిచేసిన మనిషి, ఆ రోజు నుంచి పోయేదాకా నీ మొహం చూడలేదు. నువ్వు అన్నం పట్టుకెళితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎంత కోపం దాచుకున్నాడో ఆయన! ఒక్క ఏడాది ముందు నేను ముగించి ఉంటే..."

"అవునురా," అన్నాడు అన్నయ్య. "ఒక్క ఏడాది ముందు ముగించి ఉంటే బాగుండేది."

"నీ తప్పు లేదని నాన్న వినేవాడు."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. మసి చేతులతో మొహం తుడుచుకుని, తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

"నాది కాదని ఆయనకి తెలుసురా. ఆ రోజు నేను అన్నం తినడానికి కిందికి దిగాను. నా బదులు పైకెక్కి లీవరు లాగింది నాన్నే."